నాన్న ట్యాబ్

"అక్కా, దీన్ని ఎలాగైనా తెరువు. నీకు దణ్ణం పెడతాను" అంటూ అతను వానకు తడిసిన చేతులతోనే ట్యాబ్‌ను ఫోటో స్టూడియో బల్ల మీద పెట్టాడు.

స్టూడియో ఆవిడ దాన్ని పొడిగుడ్డతో తుడిచి చూసింది. ఫోటోలు దిద్దే యాప్. ఆవిడ కూడా రోజూ పనిచేసేది అందులోనే. తెర మీద తాళం బొమ్మ, దాని కింద 'మీ సబ్‌స్క్రిప్షన్ ముగిసింది' అన్న ముక్క ఉన్నాయి.

"ఎవరిది బాబూ ఇది?"

"మా నాన్నది. పొద్దున వాకింగ్‌కని వెళ్లినవాడు ఇంతవరకూ రాలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలేశాడు. షుగరుంది. ఏం తిన్నాడో, ఎక్కడున్నాడో తెలీదు. పోలీసులేమో ఆధార్‌లోది మసగ్గా ఉంది, మొహం తెలిసే ఫోటో ఉంటేనే వెతకడం కుదురుతుందంటున్నారు."

"నీ ఫోన్లో లేదా?"

"మా పాపవి వేలున్నాయి. నాన్నది ఒక్కటీ లేదు." చెబుతుంటే అతనికే సిగ్గేసింది. "ఆయన ఫోటోలన్నీ ఈ యాప్‌లోనే దాస్తాడక్కా."

"మరి సబ్‌స్క్రిప్షన్ ఎందుకు ఆగింది?"

"నేనే ఆపేయించాను, నిన్న. రిటైరైన మనిషికి ఈ ఖర్చెందుకు, నీ ఫోటోలు ఎవడు చూస్తాడని అరిచాను. సరేలేరా అన్నాడు. అంతే."

ఆవిడ తెర మీద తాళం బొమ్మను నొక్కి చూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నవాడిని ఏమని ఏం లాభం? "నెలకింతని ఇప్పుడు లేదట. ఏడాదికి ఒకేసారి కట్టమంటోంది" అంది.

"ఎంతైనా కట్టేస్తా!"

నిన్న గొంతు చించుకున్న మనిషి ఇవాళ ఆ అంకె వైపైనా చూడలేదు. కార్డు తీసి గబగబా నంబరు కొట్టాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే వానకి నెట్ నెమ్మదించింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అతను కాలు కాలిన పిల్లిలా గుమ్మం దాకా వెళ్లడం, ఖాళీ వీధి చూడడం, మళ్లీ రావడం. ఇంతలో పోలీస్ స్టేషన్ నుంచి భార్య ఫోన్ చేసింది.

"దొరికిందా అండీ? వీళ్లు అడుగుతున్నారు."

"దొరుకుతుంది, ఉండవే!" అని కసిరాడు. కసిరినందుకు వెంటనే ఏడుపొచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"బాబూ, లే. తెరుచుకుంది" అంది ఆవిడ.

ఇద్దరూ తెర మీదికి వంగారు. పాప నిద్రలో, పాప సబ్బునురగలో, కోడలు బట్టలు ఆరేస్తూ, కొడుకు కొత్త బండి పక్కన. ఒక్కో మొహం మీద వెలుగును ఎంత ఓపిగ్గా దిద్దాడో ఆ పెద్దాయన! ఆయన మొహం మాత్రం ఎక్కడా లేదు.

"తీసేవాడు ఫోటోలో ఎట్లా ఉంటాడు? నా బతుకూ అంతే" అంది ఆవిడ. "అందరూ కలిసి దిగింది ఏదైనా ఉందేమో చూడు."

ఒకటే ఉంది. కొత్త ఇంటి వరండాలో కొడుకు, కోడలు, ముందు పాప.

అతను నీరుగారిపోయాడు. "ఇది మా హాల్లో గోడకుంది. రోజూ చూసేదే. ఇందులోనూ లేడు. ఆయనే తీసుంటాడు."

ఆవిడ ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. "ఇదిగో, ఇక్కడ గోడ అంచు పిసరంత వంకరపోయింది. ఏదో చెరిపారు. మంచి పనితనమే."

"అవునక్కా, నేనే చెప్పాను. పెద్దది చేయించి పెట్టుకుందాం, అక్కర్లేనివన్నీ తీసేసి ఇవ్వు నాన్నా అన్నాను."

"ఏమేం తీశాడో చూద్దాం ఉండు."

ఆవిడ ఒక్కో దిద్దుబాటునూ వెనక్కి తిప్పసాగింది. నొక్కగానే చెప్పుల కుప్ప తిరిగొచ్చింది. మళ్లీ నొక్కితే మూలనున్న చెత్తబుట్ట, ఆపైన వేలాడే వైరు. ఇక మిగిలింది ఆయన అన్నిటికంటే ముందు చెరిపింది.

ఆవిడ నొక్కింది. కొడుకు భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ నాన్న నిలబడి ఉన్నాడు.