కన్నం పూడ్చినవాడు

మామ వేసిన పథకం ప్రకారం అల్లుడు చెయ్యాల్సింది ఒక్కటే. కొంతకాలం మంచివాడిలా నటించడం.

మామ ఒకప్పుడు చెయ్యి తిరిగిన దొంగ. ఆయన వేలు తగిలితే ఎంతటి తాళమైనా నోరు తెరిచేది. ఇప్పుడు తలుపులకు తాళంచెవులే లేవు, అంకెలు నొక్కే పెట్టెలు వచ్చాయి. వాటి దగ్గర మామ పప్పులు ఉడకలేదు. అందుకే కంప్యూటర్ తెలిసినవాడిని ఏరికోరి చిన్నకూతురికి మొగుడిగా తెచ్చుకున్నాడు.

ఏ కంపెనీ తాళం మీద పడాలో వెతికిపెట్టింది కూడా ఆ చిన్నకూతురే.

"ఇదైతే సులువు నాన్నా. ఈ తాళాల్ని నడిపే ప్రోగ్రామ్ మొత్తం నెట్‌లోనే పెట్టేశారు. ఎవరైనా చూడొచ్చు. లోపం కనబడితే ఎవరైనా బాగుచేసి పంపొచ్చు" అంది.

మామ నోరెళ్ళబెట్టాడు. "తాళం లోపలి గుట్టంతా ఊరందరికీ చూపిస్తారా? మతి ఉండే చేస్తున్నారా?"

ఆ కంపెనీ పెట్టినవారిని మొదట్లో అందరూ అదే అడిగారట. టైర్ల దుకాణం పైన ఒక గది, ఒక బల్ల, అరువు తెచ్చుకున్న కంప్యూటర్. ప్రోగ్రామ్ ఉచితం. దాన్ని తలుపులకు బిగించి బాగోగులు చూసుకున్నందుకే డబ్బు. దాచిపెడితే తప్పులు కూడా దాగిపోతాయని, పదిమంది కళ్ళు పడితేనే తాళం గట్టిపడుతుందని ఆ యజమాని వాదన. అప్పుడు నవ్వినవాళ్ళే ఇప్పుడు తమ హోటళ్ళకూ నగల దుకాణాలకూ ఆ తాళాలే పెట్టించుకున్నారు.

"సరే, చిన్నా చితకా రిపేర్లు చేసి పంపుతూ నమ్మకం సంపాదించు. కన్నం దొరికిన రోజు చెప్పు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు మామ. "ఒక్క మాట గుర్తుపెట్టుకో అల్లుడూ. ఇలాంటి పనికే మా పెద్దదాన్ని ఒకచోట ఉద్యోగంలో పెట్టా. నా పరువు తీసి, చెడిపోయి, ఇల్లొదిలి పోయింది. నువ్వలా చెయ్యకు."

గోడ మీద పెద్దకూతురి ఫొటో ఉండాల్సిన చోట ఉత్త మేకు మిగిలింది.

అల్లుడు 'పిల్లి' అనే మారుపేరుతో పని మొదలుపెట్టాడు. తప్పు అంకె నొక్కితే పెట్టె ఆగకుండా కూసేది. ముందు ఆ కూత మాన్పించి పంపాడు. యజమాని నుంచి జవాబు వచ్చింది. "పిల్లిగారూ, బ్రహ్మాండం! హోటళ్ళలో నిద్రపోయేవాళ్ళందరి తరఫునా థాంక్స్."

తాళం మీద చెయ్యి వేసినందుకు ఎవరైనా థాంక్స్ చెప్పడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదటిసారి. అల్లుడు ఆ జవాబు భార్యకు చదివి వినిపించాడు. మర్నాడు మళ్ళీ వినిపించాడు. మంచివాడిలా నటించడం ఇంత హాయిగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

కొన్నాళ్ళకు, ఇంకా తలుపుల దాకా వెళ్ళని కొత్త ప్రోగ్రామ్‌లో కన్నం కనబడింది. అలాంటిలాంటి కన్నం కాదు. ఒక అంకెను గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలు, ఏ తలుపైనా తెరుచుకుంటుంది. ఆ ప్రోగ్రామ్ బయటికి వెళ్ళేదాకా నోరు మూసుకుంటే నగల దుకాణాలన్నీ మామవే.

అల్లుడు మామను పిలవబోయాడు. అంతలోనే చేతులు అలవాటు కొద్దీ కదిలాయి. మామ కాఫీ తాగి వచ్చేసరికి కన్నం పూడ్చేసి, ఎందుకు పూడ్చాడో వివరంగా రాసి, పంపించేశాడు కూడా.

మామ తల బాదుకున్నాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కన్నం కనబడితే దూరాలయ్యా! పూడుస్తారా ఎవరైనా?"

"మరి పాపం, ఆ దుకాణాలవాళ్ళు..." అని నసిగాడు అల్లుడు.

"పాపమా?" మామ కుర్చీలో కూలబడ్డాడు. "పెద్దది కూడా సరిగ్గా ఈ మాటతోనే చెడిపోవడం మొదలుపెట్టింది!"

ఆ సాయంత్రమే యజమాని జవాబు వచ్చింది. ఈసారి అందులో థాంక్స్ లేదు. "రేపు ఒకసారి ఆఫీసుకు రండి. మాట్లాడాలి" అని మాత్రమే ఉంది.

"దొరికిపోయావు" అన్నాడు మామ. భార్య మాత్రం కూనిరాగం తీస్తూ మొగుడి చొక్కా ఇస్త్రీ చేసింది.

ఆఫీసు ఇప్పటికీ టైర్ల దుకాణం పైనే ఉంది. మెట్ల దాకా రబ్బరు వాసన. యజమాని అంటే ఏ నెరిసిన గడ్డమో ఉంటుందనుకున్నాడు అల్లుడు. బల్ల వెనక నుంచి లేచింది, అతనికంటే నాలుగేళ్ళు పెద్దదేమో అనిపించే ఒకామె.

ఆమె కూర్చోమనేదాకా కూడా అతను ఆగలేకపోయాడు.

"నేను దొంగనండీ. దోచుకుందామనే వచ్చాను. కానీ ఆ కన్నం చూశాక పూడ్చకుండా ఉండలేకపోయాను. ఈ పని నాకు ప్రాణమైపోయిందండీ. కావాలంటే పోలీసులకు పట్టించండి. బాగుచేసినవాళ్ళ పేర్లలోంచి పిల్లి పేరు మాత్రం తీసెయ్యకండి."

"ముందు మంచినీళ్ళు తాగండి" అందామె. "ఆ కన్నం పెట్టింది నేనే. దూరతారో, పూడుస్తారో చూద్దామని పెట్టాను. రేపటి నుంచి మీకు ఇక్కడే ఉద్యోగం. కన్నాలు వెతికి పూడ్చడమే పని."

అల్లుడు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అంటే... నేను దొంగనని మీకు ముందే తెలుసా? ఎవరు చెప్పారు?"

ఆమె పకపకా నవ్వి, ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"చెల్లీ, మీ ఆయన కూడా చెడిపోయాడే! ఇక మిగిలింది నాన్నే."