సున్నా చేసిన మీటరు

"ఈ పాత కారుకి ఇంజను కొత్తది, సీట్లు కొత్తవి. తిరిగిన కిలోమీటర్ల మీటరు సున్నా చేస్తే తప్పేంటక్కా?" అన్నాడు మెకానిక్ సాయంత్రం.

"ఆ సంగతి కొనేవాళ్లకి చెప్పావా లేదా?" అంది అక్క.

అతను మాట దాటేశాడు. పాత అంకె రాసుకున్న చీటీని అప్పటికే చించేశాడు.

రాత్రి షెడ్డుకు తాళం వేయబోతుంటే లోపల టక్కుమంది. లైటు వేశాడు. పాత కారు దిమ్మల మీద అలాగే ఉంది. ఊడదీసిన నాలుగు చక్రాలూ గోడకు ఆనించి ఉన్నాయి. మీటరు మాత్రం ఒకటి చూపిస్తోంది.

ఏదో వదులై ఉంటుందిలే అని సర్దిచెప్పుకుని మళ్లీ సున్నాకి తిప్పాడు. వెంటనే టక్కుమంది. ఈసారి రెండు.

నిజం రాసిచ్చేద్దామని కాగితం తీశాడు. ఎంత బుర్ర గోక్కున్నా పాత అంకె గుర్తుకు రాలేదు. కాగితం మడిచి, గోడ పక్కనున్న చక్రం మీద చెయ్యి ఆనించాడు.

టైరు వేడిగా ఉంది.