వైబెల్‌బాక్ తెలుపు

"ఈ సోఫా మీరు తీసుకోండి అన్నయ్యా, మా ట్రక్‌లో పట్టదు," అంది రష్మి, అట్టపెట్టెకి టేపు అంటిస్తూ.

జగదీష్ సోఫా వంక చూశాడు. ఈ ఇంటి గృహప్రవేశం రోజున దాని మీద కూర్చుని, మెత్తని తోలును చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ పూట తిన్న బొబ్బట్లు అతనికి అరగలేదు.

"మా అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ పడుతుంది రష్మీ? అయినా జూన్ తర్వాత మేమే ఉంటామో లేదో," అంది అతని భార్య మీనా. జగదీష్ హెచ్‌వన్ వీసాకి ఆరేళ్ళ గడువు జూన్‌తో ఆఖరు. గ్రీన్ కార్డ్ ఫైల్ చేయడం కుదరదని అతని కంపెనీ తేల్చి చెప్పేసింది.

"అయితే అందరం పెట్టెలు సర్దుకునేవాళ్ళమే," అని నవ్వాడు రష్మి భర్త కౌశిక్, పేపర్ కప్పుల్లో టీ తెస్తూ.

పనిచేసే కంపెనీ మూతబడి, ఇల్లు అమ్ముకుని ఊరొదిలిపోతున్న మనిషి అలా నవ్వడం జగదీష్‌కి నచ్చలేదు. నిజం చెప్పుకోవాలంటే అతను ఓదార్చడానికి రాలేదు. కౌశిక్ మొహం ఎలా వాడిపోయిందో కళ్ళారా చూసిపోదామని వచ్చాడు.

ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఎమ్మెస్ చదివారు. అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఒక పెద్ద స్టోర్ల కంపెనీ హెడ్డాఫీసులో జగదీష్ కాంట్రాక్టర్‌గా కుదురుకున్నాడు. కస్టమర్లు వాపసు తెచ్చే సరుకుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ అతని పని. కౌశిక్ మాత్రం సాఫ్ట్‌వేర్‌కి దణ్ణం పెట్టేసి, ఆ స్టోర్లకి తువ్వాళ్ళు అమ్ముదామని ఊళ్ళో చిన్న ఆఫీసు తెరిచిన వైబెల్‌బాక్ అనే జర్మన్ మిల్లులో చేరాడు.

"ఎమ్మెస్ చేసి టవల్స్ అమ్ముతావురా?" అని జగదీష్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

వైబెల్‌బాక్ వాళ్ళది తాతల నాటి మిల్లు. తెలుపు తప్ప మరో రంగు నేయరు. అదే వాళ్ళ పట్టుదల, అదే వాళ్ళ పేరు. యుద్ధాలు దాటుకుని, పేరున్న హోటళ్ళకి తువ్వాళ్ళు నేసి నిలబడ్డారు. కౌశిక్ కాళ్ళరిగేలా తిరిగి వాటిని ఈ స్టోర్లలో పెట్టించాడు. జనం ఎగబడి కొన్నారు. జర్మనీలో ఉన్న డబ్బంతా ఊడ్చిపెట్టి కొత్త షెడ్డు లేపారు. ముసలి యజమాని స్వయంగా బెంటన్‌విల్ వచ్చి, రష్మి వేసిన పెసరట్లు తిని, కౌశిక్‌ని 'మా అబ్బాయి' అన్నాడు. గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆ వెనకే ఇల్లు, సోఫా.

ప్రతిదానికీ జగదీష్ "కంగ్రాట్స్ రా" అన్నాడు. ప్రతిసారీ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. రష్మి ఇచ్చిన తెల్ల తువ్వాలును మీనా మెచ్చుకుంటే చాలు, అతనికి ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది. ఏళ్ళ తరబడి ఉతికినా దాని పోగు ఊడలేదు, తెలుపు తగ్గలేదు. అది కూడా తనని వెక్కిరించడానికే అనుకున్నాడు.

పోయినేడు కథ తిరగబడింది. వైబెల్‌బాక్ తువ్వాళ్ళు కుప్పలుగా వాపసు వస్తున్నాయని స్టోర్ల వాళ్ళు కబురు పెట్టారు. కౌశిక్ పరుగెత్తుకొచ్చాడు.

"మీ సిస్టమ్‌లో ఒక్కసారి చూడరా. ఎక్కడో తేడా కొడుతోంది."

జగదీష్ చూశాడు.

"లెక్క కరెక్టేరా. మీ క్వాలిటీయే పడిపోయిందేమో చూసుకోండి," అన్నాడు.

కౌశిక్ ఆ మాటే జర్మనీకి చేరవేశాడు. వాళ్ళు మగ్గాలు విప్పి చూసుకున్నారు, నూలు మార్చి చూశారు. లోపం దొరకలేదు. ఈలోగా ఆర్డర్ క్యాన్సిల్ అయింది. ముందు కొత్త షెడ్డుకి తాళం పడింది, ఆ తర్వాత పాత మిల్లుకి.

ఇప్పుడు టీ ఒక గుక్క తాగి, కౌశిక్ కప్పు పెట్టె మీద పెట్టాడు. "నిన్ననే తెలిసిందిరా. మా లాయర్లు స్టోర్ల నుంచి డేటా తెప్పించారు. రిటర్న్స్ అన్నీ ఒకే కంప్లయింట్ మీద. ఉతికితే రంగు దిగుతోందట! మేం తెలుపు తప్ప నేయమే! వేరేవాళ్ళ కలర్ టవల్స్ రా అవి. సిస్టమ్‌లో మా ఖాతాలో పడ్డాయి."

జగదీష్ కప్పు ఒరిగి, టీ చేతి మీద ఒలికింది. రష్మి పెట్టెలోంచి ఒక తెల్ల తువ్వాలు లాగి అతని చేతికిచ్చింది. "తుడుచుకోండి అన్నయ్యా. ఏం కాదు, మరక పోతుంది."

"ఇప్పుడు కేసేస్తే?" అంది మీనా ఆశగా.

"వేసి ఏం లాభం మీనా? మగ్గాలు తుక్కు కింద వెళ్ళిపోయాయి. ముసలాయన మంచం దిగట్లేదు." కౌశిక్ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకోటుందిరా. ఆశ పెట్టుకుంటావని నీకు చెప్పలేదు. మా ఆఫీసులో నీకు జాబ్ అడిగాను. చేరిన రోజు నుంచే గ్రీన్ కార్డ్ ప్రాసెస్. ముసలాయన ఓకే అన్నాడు కూడా. సరిగ్గా ఆ వారమే ఆర్డర్ పోయింది."

మీనా కళ్ళు నిండాయి. ఆమె మొగుడి వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. ఎప్పుడో ఆరిపోయిన చేతిని ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నువ్వెందుకురా అంతలా అయిపోతావ్?" అంటూ కౌశిక్ అతని భుజం మీద చెయ్యేశాడు. "నేనడగ్గానే చూశావు కదా. ఆ సిస్టమ్ నీకు కొట్టినపిండి. నువ్వు చూసినా దొరకలేదంటే, ఆ తప్పు ఇంకెవరికి దొరుకుతుంది?"

చూసిన రోజే దొరికింది.