బాండీలో ఇసుక

నల్ల ఇసుక దేశభద్రత సరుకని ప్రకటించాక, భీమిలి ఒడ్డుకు వెళ్లినవాళ్లెవరూ గేటు దగ్గర కాళ్లు కడిగించుకోకుండా, చీర కుచ్చిళ్లు దులిపించుకోకుండా ఇంటికి పోవడం లేదు. నూకరత్నం ఆ గేటు బయటే బాండీలో నల్ల ఇసుక పోసి వేరుశనగ కాయలు వేయించి అమ్ముతుంది. ఆ రోజు గార్డు తవిటినాయుడి చేతిలోని యంత్రం ఆమె బాండీ మీద కీచుమంది.

“ఈ ఇసక అప్పజెప్పాల, పిన్నీ.”

“మాయమ్మ బాండీలోది బాబూ. నా పెళ్లికి గుప్పెడు ఇచ్చి పంపింది. నువ్వు నిక్కరేసుకున్న నాటినించీ దీన్లో ఏగిన కాయలే గదా తిన్నావు!”

తవిటినాయుడు ఖాళీ సంచి విప్పాడు. “మిలట్రీకి కావాలంట. క్షిపణుల్లో అయస్కాంతాలు దీంతోనే చేస్తారంట.”

వేడి ఇసుకను సంచిలోకి వంపి సీలు వేశాడు. సంచి ఎక్కిన లారీ ఓడరేవు దారి పట్టింది.

“మిలట్రీకన్నావు, ఓడ కాడికెందుకు పోతంది?”

“దీన్ని శుద్ధి చేసే ఫ్యాక్టరీ మనకి లేదు పిన్నీ. సరిహద్దులో మన మీద తుపాకులెత్తినోళ్లకే ఉంది. ఆళ్లు చేసి మనకి అమ్ముతారు.”

సాయంత్రం తవిటినాయుడు అలవాటు కొద్దీ పొట్లానికి చెయ్యి చాచాడు. నూకరత్నం ఆ చేతిలో గుప్పెడు పచ్చి కాయలు పోసింది.

“ఇయ్యి నములు బాబూ. ఏపినవి ఓడొచ్చినాక తిందువుగాని.”