ఆషాఢం ఆర్గ్యుమెంట్

"రేపట్నించి ఆషాఢం. పొద్దున్నే బస్సెక్కీ, సత్యా. కొత్త కోడలు అత్తోరింట్లో ఉండకూడదు," అంది వరహాలమ్మ వంటింట్లోంచి.

సత్యశ్రీ చేతిలో బీఈడీ ఇంగ్లిష్ పుస్తకం అలాగే ఉండిపోయింది. మంచం మీద కూర్చుని ప్రశ్నలడుగుతున్న సాయిశంకర్ మొహం వాడిపోయింది. వచ్చేవారమే పరీక్షలు. ఆమె పుట్టిల్లు పాలకొండ అవతల. అక్కణ్ణుంచి గాజువాక కాలేజీకి రోజూ రావడం అయ్యే పని కాదు. నిజం చెప్పాలంటే, ఆమె దిగులు పరీక్షల గురించి సగమే. మిగతా సగం ఎదురుగా మంచం మీదే ఉంది.

"ఇప్పుడేటి చేద్దాం?" అన్నాడతను గొంతు తగ్గించి.

"చదివిందే చేద్దాం."

పాఠం ఎలా వాదించాలన్నదే మరి. దాని వరస ఇది. ముందు క్లెయిమ్, అంటే మన మాట. తర్వాత ఎవిడెన్స్, దానికి రుజువు. ఎదుటివాళ్ళ మాట కౌంటర్ క్లెయిమ్. దాన్ని పడగొట్టేది రిబటల్.

సత్యశ్రీ కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద కానాగంతల చేపల పులుసు కుతకుతలాడుతోంది.

"అత్తయ్యా, నాను ఎల్లక్కర్లేదు."

గుమ్మంలో నిలబడ్డ సాయిశంకర్ ఒక వేలు ఎత్తాడు.

"ఎందుకంట?"

"అత్తా కోడలూ ఒక్క గడప దాటకూడదు, అంతే కదా ఆచారం? మా అమ్మా అదే చెప్పింది. నిన్న మీరూ అదే చెప్పారు."

రెండో వేలు లేచింది.

"అంచేతే నిన్ను ఎల్లమంటన్నాను."

"కోడలే ఎల్లాలని ఎక్కడుంది? అత్త ఎల్తే మాత్రం గడప వేరు కాదా?"

అనేశాక నాలుక కరుచుకుంది. సాయిశంకర్ వేలెత్తడం మరిచిపోయాడు. వరహాలమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నన్నే పొమ్మంటన్నావేటే! ఎంత నోరే నీకు!"

"మల్కాపురం రమ్మని పుష్పొదిన ఎన్నిసార్లు పిలిచిందత్తయ్యా? మనవలు కలవరిస్తన్నారంట."

"లోకం ఏటనుకుంటాది?"

"కూతురింటికి ఎల్లిందనుకుంటాది. నాను ఎల్తే, వరహాలమ్మ కోడలు పరీక్ష తప్పిందనుకుంటాది. ఏది నయం?"

వరహాలమ్మ పులుసు ఉప్పు చూసింది. పొయ్యి కట్టేసింది.

"నువ్వు సెప్పింది నాయంగానే ఉంది. నానే ఎల్తాను."

గదిలోకెళ్ళి తలుపేసుకున్నాక సాయిశంకర్ ఆగలేదు.

"నా పెళ్ళాం చందమామ. ఏటిది?"

"మెటఫర్."

"చందమామలా ఉంది?"

"సిమిలీ."

"నువ్వు ఎల్లిపోతే నెల్లాళ్ళూ మెతుకు ముట్టను?"

"హైపర్‌బోలీ. పులుసయితే మారు ఏయించుకుంటారు."

నవ్వు బయటికి వినబడకుండా పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరికి ఎన్ని బియ్యం కడగాలో తలుచుకుంటేనే మళ్ళీ నవ్వొచ్చింది. సాయంత్రాలు మిరపకాయ బజ్జీలు, మేడ మీద టీ, పోర్టు వైపు వెలిగే దీపాలు. నెల్లాళ్ళు ఇల్లంతా తమదే.

పొద్దున్న వీధిలో ఆటో ఆగింది. సాయిశంకర్ ఎప్పుడూ లేనిది తల్లి సంచి తానే మోసి ఆటోలో పెట్టాడు. "ఏటమ్మా ఇంత బరువు? మందులన్నీ ఎట్టుకున్నావు కదా?" అన్నాడు ప్రేమగా.

సత్యశ్రీ వంగి దణ్ణం పెట్టింది. వరహాలమ్మ ఆమె తల నిమిరింది.

"బాగా సదివి పాసవ్వమ్మా. నీకు తోడుగా రాత్రుళ్ళు ఎదురింటి జోగమ్మ వచ్చి పడుకుంటాది."

"జోగమ్మగారెందుకత్తయ్యా? ఈయన ఉన్నారు కదా!"

వరహాలమ్మ ఆటోలో ఓ పక్కకి జరిగి కూర్చుని, కొడుక్కి చోటు చూపించింది.

"కొత్త మొగుడూ పెళ్ళాలు ఆషాఢంలో ఒక్కసోట ఉండకూడదు కదమ్మా. ఎక్కరా సాయీ, నీ బట్టలు కూడా ఆ సంచిలోనే సర్దీసినాను."