కొప్పు లేని హీరోయిన్

"తడి చేత్తో ముట్టుకోవద్దని చెప్పలా?" రూపశ్రీ గట్టిగా అరిచింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. కరిగిన చాక్లెట్‌లో రెండు నీటిచుక్కలు పడ్డాయి. గరిటె తిప్పుతుండగానే గిన్నెలోదంతా బిగుసుకుని అడుసులా ముద్దకట్టింది.

ఎదురుగా నిలబడిన తాయమ్మ బిక్కచచ్చిపోయింది. యాభై ఏళ్ల మనిషి, నున్నటి గుండు. గంట క్రితం వరకూ ఆమె ఎవరో రూపశ్రీకి తెలియదు.

తిరుపతిలో రూపశ్రీ ఇంట్లో చేసే చాక్లెట్లకు మంచి పేరు. మర్నాడు శనివారం ఒక వ్యాపారి ఇంట్లో పుట్టినరోజు. పార్టీ అంతా సినిమా హంగులతోనట. కెమెరాలు, క్లాప్ బోర్డులు, పెద్ద కొప్పూ పూలూ ఉన్న హీరోయిన్ ముఖాలు, అన్నీ కలిపి రెండు వందల చాక్లెట్లు కావాలన్నారు. ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక లేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది తాయమ్మ.

"మా బిడ్డలు ఆదివారం సినిమా పార్టీ చేసుకుంటా ఉండారమ్మా. హీరోయిన్ బొమ్మలు పది కావల్ల. నేర్పిస్తే నేనే చేసుకుంటా."

"ఆదివారానికా? నాకే చేతులు చాలడం లే అక్కా."

"వేదిక అని ఎనిమిదేండ్ల పిల్ల ఉండాదమ్మా. దానికి మాటిచ్చినాను. ఆ బొమ్మ కోసరం కాచుకోని ఉండాది."

మనవరాలి మీద మురిపెం కాబోలు అనుకుంది రూపశ్రీ. గుండు చూసి నవ్వింది కూడా.

"మొక్కు తీర్చుకోని కొండ దిగి ఇట్లే వచ్చేసినావా?"

తాయమ్మ కూడా నవ్వి ఊరుకుంది. ఆ ఊళ్లో గుండు కనబడితే ఎవరైనా అడిగేది అదే మరి.

సరే, పక్కన నిలబడి చూడమంది రూపశ్రీ. తాయమ్మ ముందు చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, సబ్బు పెట్టి. కొంగు సర్దుకుని మళ్లీ కడుక్కుంది. కుర్చీ జరిపి మళ్లీ కడుక్కుంది. ఇదెక్కడి మడి అని రూపశ్రీకి చిరాకేసింది.

అంతలో తాయమ్మ అచ్చులోంచి తీసిన ఒక హీరోయిన్‌ను అందుకుని, చెంచా కాడతో కొప్పు గీకడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఏం చేస్తా ఉండావు?"

"కొప్పు వద్దమ్మా. గుండుగా ఉండల్ల."

"హీరోయిన్‌కి గుండేంది? ఆయమ్మ కూడా కొండకి మొక్కుకునిందా?"

"మా వేదికకి అట్లే కావల్లమ్మా," అంటూ తాయమ్మ మరోసారి చేతులు కడుక్కుని వచ్చి గరిటె పట్టుకుంది. అదిగో, అప్పుడు పడ్డాయి ఆ నీటిచుక్కలు.

"కిలో చాక్లెట్టు పాయె! పో అక్కా, పో. సోమవారం రా, అప్పుడు చూద్దాం."

"సోమవారానికంటే..." అని ఆగిపోయింది తాయమ్మ. "తప్పు నాదేలేమ్మా."

ఆమె గీకిన ఆ ఒక్క బొమ్మను కూడా రూపశ్రీ విసురుగా లాక్కుని, కరిగించడానికి పక్కన పెట్టిన ముక్కల్లో పడేసింది. తాయమ్మ దాని వంక ఒక్క క్షణం చూసింది. ఇమ్మని అడగలేదు. కాగితం మీద ఫోన్ నంబరు రాసిపెట్టి వెళ్లిపోయింది.

శనివారం పార్టీలో చాక్లెట్లను మెచ్చుకోని వాళ్లు లేరు. ఆదివారమంతా రూపశ్రీ ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచాక మాత్రం మనసు మనసులో లేదు. పది బొమ్మలు, ఎంతసేపటి పని? పెద్దావిడను కసురుకుని పంపేశానే అని బాధేసింది.

సోమవారం పొద్దున్నే కూర్చుని పది హీరోయిన్లను చేసింది. ఓపిగ్గా కొప్పులన్నీ గీకింది. అలా కూడా ఆ ముఖాలు చక్కగానే ఉన్నాయి.

మధ్యాహ్నమైనా తాయమ్మ రాలేదు. ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"పిల్లల వార్డండీ. నర్సు కుముదవల్లిని."

"తాయమ్మ..."

"మా ఆయా ఈరోజు లేదు మేడం."

ఏ ఆసుపత్రో కనుక్కుని, రూపశ్రీ డబ్బా పట్టుకుని వెళ్లింది. గుమ్మంలోనే కుముదవల్లి ఆపి, మోచేతుల దాకా చేతులు కడిగించింది. ఈ పిల్లలకు కాస్త అంటు తగిలినా ప్రాణం మీదికి వస్తుందని చెప్పింది. తాయమ్మకు ఆ అలవాటు ఎక్కడిదో అప్పుడు తెలిసింది రూపశ్రీకి.

లోపల తొమ్మిది మంచాల మీద తొమ్మిది మంది పిల్లలు. ఒక్కరి తల మీదా వెంట్రుక లేదు. పదో మంచం ఖాళీగా ఉంది.

రూపశ్రీ కుముదవల్లి వైపు తిరిగింది.

"క్యాన్సర్ మందులకి జుట్టంతా రాలిపోతుంది మేడం. జుట్టు లేని హీరోయిన్ యాడన్నా ఉంటుందా అని వేదిక ఒకటే ఏడుపు. ఎందుకుండదు, పార్టీకి పట్టుకొస్తానని తాయమ్మ చెప్పింది. నిన్న సాయంత్రం దాకా ఆ పిల్ల వాకిలి పక్కే చూస్తా ఉండింది."

"ఇప్పుడు యాడుండాది?"

"తెల్లవారుజామున ప్రాణం పోయింది మేడం. పలమనేరు పిల్ల. తల్లి ఒక్కతే ఎట్ల తీసుకుపోతుందని తాయమ్మ తోడు పోయింది."

రూపశ్రీకి దుఃఖం పొంగుకొచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చింది. చివరికి కళ్లు తుడుచుకుని అడిగింది.

"తాయమ్మకి కూడా ఇదే జబ్బా? నేను మొక్కు గుండనుకోని ఎగతాళి చేసినాను."

కుముదవల్లి తల అడ్డంగా ఊపింది.

"జబ్బూ కాదు, మొక్కూ కాదు మేడం. పదకొండేండ్లుగా ఈడ ఏ బిడ్డకి జుట్టు రాలినా, నీకు తోడు నేనుండాలే అని ఆ రోజే పోయి తనూ గుండు కొట్టించుకోని వస్తుంది."