దగ్గులో దొరికిన గొంతు

తమ్ముడు పోయిన రోజే వకుళ టీచర్ గొంతూ పోయింది. అందరి మెడల్లోలాగే ఆమె మెడలోనూ కంఠపట్టీ ఉంది. మనసులో అనుకున్న మాటను అది ఆమె స్వరంతోనే పలికేది. అందుకే ఏడాదిపాటు బడిలో ఎవరూ పసిగట్టలేదు.

ఏటా జరిగే పరీక్షలో డాక్టర్ హసీనా పట్టీ విప్పించి, మాట రాకపోవడం గమనించి, "ఒకసారి దగ్గండి టీచరమ్మా" అంది.

దగ్గు ఖంగుమంది.

"విన్నారా, అది మీ గొంతే! ఏమీ చెడలేదు. దుఃఖం బిగపట్టి ఉంచింది, అంతే. ఆ దగ్గునే సాగదీసి 'మ్' అంటూ ఉండండి."

పది వారాలకు పెగిలిన తొలి మాట హసీనాకే దక్కింది: "చల్లగా ఉండు తల్లీ."

ఆ సోమవారం వకుళ టీచర్ పట్టీ లేకుండానే, బొంగురు గొంతుతో హాజరు పిలిచింది.

"టీచర్, మీ పట్టీకి జలుబు చేసిందా?" పిల్లలు పగలబడి నవ్వారు.

"పట్టీ ఇంట్లో ఉందిరా. జలుబు నాదే," అని ఆమె కూడా నవ్వింది.

అమ్మను మాత్రం ఏడాదిగా పట్టీయే ఓదారుస్తోంది. తమ్ముడి మాట అమ్మ దగ్గర ఆమె తన నోటితో ఇంకా ఎత్తలేదు.